దారిలో ఉన్న మందు



మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. ఏడు గదులు, ఒక్కో గది మూత మీద ఒక్కో వారం పేరు. ఆదివారం సాయంత్రం దాన్ని ముందేసుకుని కూర్చుని, వారానికి సరిపడా మాత్రలు లెక్కపెట్టి నింపుతాను. ఆరేళ్ల కిందట మా ఆయనకు గుండెలో వాల్వు మార్చారు. లోహపు వాల్వు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికున్నంత కాలం రోజూ రాత్రి ఒక మందు వేసుకోవాలి. ఎసినోకౌమరాల్ అని దాని పేరు. నోరు తిరగక మా ఇంట్లో 'పలచన మాత్ర' అంటాం.

ఈ పలచన మాత్రకు ఒక పేచీ ఉంది. రోజూ ఒకే మోతాదు కాదు. సోమ, బుధ, శుక్రవారాలు 3 మిల్లీగ్రాములు, తక్కిన నాలుగు రోజులు 2. మూడు కావాల్సిన రోజున 2 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 1 మిల్లీగ్రాము మాత్ర ఒకటి కలిపి వేసుకోవాలి. అంటే వారానికి 17 మిల్లీగ్రాములు. నెలకు పెద్దవి 30, చిన్నవి 13. జిల్లా పరిషత్ స్కూళ్లలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పినదాన్ని, ఇదేం పెద్ద లెక్క కాదు. ఏడో తరగతి పిల్లవాడు వేళ్ల మీద చెప్పేస్తాడు. మొన్న ఏప్రిల్‌లో ఈ లెక్క ఒక మందుల కంపెనీకి అర్థం కాలేదు. ఆ కథే ఈ పూట చెప్పబోతున్నాను.

మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. "అమ్మా, ఎండలో షాపుకెందుకు తిరుగుతావు, ఫోన్లో పెడితే ఇంటికే వస్తాయి, వందకి ఇరవై తగ్గుతుంది కూడా" అని, నా ఫోన్లో ఏదో యాప్ వేసి పెట్టాడు. ఇరవై శాతం అంటే నాకూ ఆశ పుట్టింది. ప్రభుత్వం ధర కట్టడి చేసిన మందుల మీద చిల్లర దుకాణానికి లెక్కగట్టే లాభమే వందకు 16 రూపాయలు. వీళ్లు ఇరవై ఎక్కడి నుంచి తగ్గిస్తున్నారన్న అనుమానం అప్పుడే రావాల్సింది. రాలేదు. లెక్కల టీచర్లు కూడా తగ్గింపు అనేసరికి లెక్కలు మర్చిపోతారు.

సోమవారం ఆర్డరు పెట్టాం. అప్పటికి ఇంట్లో పైవారం మంగళవారం దాకా మాత్రలున్నాయి. తొమ్మిది రోజుల గడువు. హాయిగా సరిపోతుందనుకున్నాను.

మంగళవారం మెసేజ్ వచ్చింది, డాక్టరు చీటీ స్పష్టంగా లేదు, మళ్లీ పంపమని. నాలుగు మడతలు పెట్టిన చీటీ అది. మడతల దగ్గర ఇంకు పోయింది. కిటికీ దగ్గర పెట్టి, రెండు మూలల మీదా చింతపండు డబ్బాలు బరువు పెట్టి, ఇంకో ఫొటో తీశాను. అదీ స్పష్టంగా లేదట. బుధవారం మధ్యాహ్నం ఎవరో డాక్టరు ఫోను చేశారు. ఏ ఊరి నుంచో తెలియదు. మొదట హిందీలో మొదలుపెట్టి, తర్వాత ఇంగ్లీషులోకి దిగారు. పేషంటు వయసెంత, ఏమైనా అలర్జీలున్నాయా, ఈ మందులే వాడుతున్నారా, అంతే. నిమిషం కూడా పట్టలేదు. కొత్త చీటీ తయారై ఫోన్లోకి వచ్చేసింది. కిందటిసారి రక్తపరీక్షలో ఐ.ఎన్.ఆర్. ఎంత వచ్చిందని ఆయన అడగలేదు. ఈ మందు వాడేవాళ్లకు రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చెప్పే అంకె అది. దాన్ని బట్టే మోతాదు పెంచుతారు, దించుతారు. అది అడగకుండా ఈ మందు రాయడమంటే కాటా చూడకుండా టిక్కీకి, అదే మిరప బస్తాకు, వెల కట్టినట్టే. గుంటూరు మిరప యార్డులో అలా చేస్తే రైతు ఊరుకుంటాడా?

శుక్రవారం డబ్బా వచ్చింది. అరచేతిలో పట్టే నాలుగు స్ట్రిప్పులకు చెప్పుల జత పట్టేంత అట్టపెట్టె. లోపల బుడగల కవరు. బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు ఉన్నాయి. పలచన మాత్ర లేదు. అది విడిగా వస్తోందని ఒక కాగితం ఉంది.

శనివారం నేను వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. ఏడాది కారానికి ఆరు కిలోలు తీసుకున్నాం లెండి. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే పన్నెండు దాటినా లేవలేదు. చేతులు మండుతుంటే ఫోను కూడా ముట్టుకోలేదు. తీరా చేతులు కడుక్కుని చూస్తే మెసేజ్: 'డెలివరీకి వచ్చాం, ఇంట్లో ఎవరూ లేరు.' నేను వీధి వైపే కూర్చున్నాను. పాలవాడు, చీపుళ్ల అమ్మాయి, పక్కింటి పిల్లి, అందరూ కనిపించారు. ఆ డెలివరీ అబ్బాయిని తప్పు పట్టలేను. రోజుకు ఇన్ని డబ్బాలు పంచాలని లెక్క పెడతారట, తిరగలేనివి ఇలా 'ఎవరూ లేరు' ఖాతాలో రాసుకుంటారేమో. పైగా మన ఒంగోలు అడ్రసులు తెలిసినవేగా. డోర్ నంబరు చెబితే ఎవరికీ తెలియదు. ఫలానా చర్చి సందు, వేపచెట్టు ఎదురుగా, నీలం గేటు అంటేనే ఇల్లు దొరుకుతుంది. ఆ యాప్‌లో వేపచెట్టు రాయడానికి చోటు లేదు.

ఆదివారం సాయంత్రం పెట్టె నింపడానికి కూర్చున్నాను. సోమవారం గదిలో ఒక పెద్దది, ఒక చిన్నది. మంగళవారం గదిలో ఒక పెద్దది. అంతే. బుధవారం మూత తీసి, బీపీ మాత్ర వేసి, మళ్లీ మూసేశాను. మా ఆయన వార్తలు చూస్తూనే ఓరకంట గమనిస్తున్నారు. ఏమీ అనలేదు.

మా ఆయన జిల్లా కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. చట్టం అంటే చెవి కోసుకుంటారు. ఆయనకు కంగారు పుడితే పూజ గదిలోకి వెళ్లరు, పుస్తకాల బీరువా తెరుస్తారు. ఆ రెండు రోజులూ మందుల చట్టం ముందేసుకుని కూర్చున్నారు. వచ్చిపోతూ నాకు వినిపించింది మీకూ చెబుతాను. మనకున్నది 1940 నాటి చట్టం, 1945 నాటి నిబంధనలు. షెడ్యూల్ 'హెచ్'లో ఉన్న మందును డాక్టరు చీటీ చూడకుండా అమ్మకూడదు. ఫార్మసిస్టు దగ్గరుండి చూస్తుండగానే ఇవ్వాలి. చీటీలో రాసింది కాకుండా దాని బదులు ఇంకొకటి ఇవ్వడానికి వీల్లేదు. ఫోన్లో మందులు కొనే రోజు వస్తుందని 1945లో ఎవరూ ఊహించరు కదా, అందుకని ఆన్‌లైన్ మందుల కోసం 2018 ఆగస్టులో కేంద్రం ఒక ముసాయిదా విడుదల చేసింది. దాని మీద మండిపడి ఆ సెప్టెంబరు 28న దేశమంతటా మందుల షాపులు మూసేశారు. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమంది. అదే నెలలో మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి కూడా ఆపమంటే, ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఉత్తర్వును నిలిపేసింది. ముసాయిదా మాత్రం ఏళ్లు గడిచినా ముసాయిదాగానే ఉండిపోయింది. అమ్మకాలు పెరుగుతూనే వచ్చాయి.

ఇందులో మా ఆయనకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. కరోనా లాక్‌డౌన్ మొదలైన మరునాడు, 2020 మార్చి 26న, లైసెన్సున్న షాపులు మందులు ఇంటికి చేర్చవచ్చని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కాకపోతే షాపూ, పేషంటూ ఒకే రెవెన్యూ జిల్లాలో ఉండాలని షరతు పెట్టింది. "చూశావా, చీరాల అప్పుడు మన జిల్లానే. 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది. ఆ లెక్కన మన షాపువాడు చీరాలకు మందు పంపాలన్నా ఇప్పుడు కుదరదు. నీ డబ్బా మాత్రం ఏ రాష్ట్రం గోడౌన్ నుంచి బయల్దేరిందో!" అని ఆ కంగారులోనూ నవ్వారు.

సోమవారం కస్టమర్ కేర్‌కు చేశాను. తెలుగుకు ఒక అంకె నొక్కమన్నారు, నొక్కాను. సంగీతం. ఆ తర్వాత తెలుగు కాని ఇంకేదో భాష. చివరికి ఒకమ్మాయి తెలుగులో దొరికింది, పాపం మర్యాదగానే మాట్లాడింది. "మీ ఆర్డర్ దారిలో ఉందండీ." ఏ దారిలో అమ్మా అంటే, "ట్రాన్సిట్‌లో ఉందండీ" అంది. అది ఆపకూడని మందమ్మా, ఎల్లుండికి అయిపోతుంది అన్నాను. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ, పై వాళ్లకు తెలియజేస్తాను" అంది. ఆ పిల్ల తెర మీద మా ఆయన మందు, ఎవరిదో చెప్పుల జత, ఇంకెవరిదో మిక్సీ గిన్నె, అన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి కాబోలు. చెప్పులు రాకపోతే పాతవి వేసుకుని తిరుగుతాం. ఈ కథలో నాకు మింగుడుపడనిది ఇదే. డబ్బా ఎక్కడుందో చూపించే బొమ్మ ఉంది, గీత ఉంది, చుక్క ఉంది. జవాబు చెప్పే మనిషి మాత్రం ఎక్కడా లేడు.

పోస్టులో మందులు తెప్పించుకోవడం మనకేమీ కొత్త కాదు. ఇక్కడికి దగ్గర్లోనే, మద్దిపాడు వైపు ఇనమనమెళ్లూరు అని ఊరుంది. డాక్టర్ కె.ఎన్. కేసరి గారు అక్కడే పుట్టారు. చిన్నతనంలోనే మద్రాసు చేరి, వైద్యం నేర్చుకుని, కేసరి కుటీరం పెట్టి, ఆడవాళ్ల కోసం 'లోధ్ర' అనే మందు తయారుచేశారు. 'గృహలక్ష్మి' పత్రిక నడిపిందీ, రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చిందీ ఆయనే. మా అమ్మమ్మ అలమరలో ఖాళీ లోధ్ర సీసా ఉండేది, అందులో పోపు ఆవాలు పోసుకునేది. ఆ రోజుల పత్రికలు తిరగేస్తే మందుల ప్రకటనల కింద వి.పి.లో పంపుతామని కనిపిస్తుంది. పోస్ట్‌మ్యాన్‌కు డబ్బు కట్టి పార్సిల్ తీసుకునే ఆ వి.పి. పద్ధతి మన దేశంలోకి 1877లోనే వచ్చింది. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ అని కొత్త పేరు పెట్టుకున్నాం, అంతే. తేడా మందులో ఉంది. టానిక్కు పది రోజులు ఆలస్యమైతే పది రోజుల తర్వాత మొదలుపెడతారు. పలచన మాత్రకు ఆ సావకాశం లేదు. మా అమ్మమ్మ సీసా కోసం ఎదురుచూసింది, మా ఆయన వాల్వు ఎవరి కోసమూ ఆగదు.

సరే, బుధవారం. సాయంత్రం దాకా గేటు వైపే చూశాను. ఏడయ్యాక చెప్పులేసుకుని కర్నూలు రోడ్డులో మా పాత షాపుకు వెళ్లాను. రెండు నెలలుగా అటు పోలేదు కాబట్టి కొంచెం మొహం చెల్లలేదు కూడా. ఆ అబ్బాయి ఏమీ ఎరగనట్టే, "రండి టీచర్ గారూ, సార్ ఎట్టా ఉన్నారు?" అన్నాడు. చీటీ ఇచ్చాను. 2 మిల్లీగ్రాములవి ఒక స్ట్రిప్పు ఉంది. 1 మిల్లీగ్రాముది లేదు. "గుంటూరు స్టాకిస్టుకి ఇప్పుడే చెబుతా. రాత్రి బస్సులో వేస్తే పదింటికల్లా వచ్చుద్ది. రాకపోతే ఈ ఒక్క రాత్రికి పెద్ద మాత్ర వేసి, డాక్టరు గారికి ఒకసారి ఫోన్ చేసి చెప్పండి" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. ఇతనిదీ పార్సిలు సరుకే. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి ఆర్టీసీ బస్సులో వస్తోంది. కాకపోతే ఆ పార్సిలుకు ఇటు ఒక మనిషి, అటు ఒక మనిషి ఉన్నారు. బస్సు రాకపోతే ఎవరిని తిట్టాలో తెలుసు.

స్ట్రిప్పులో ఐదు మాత్రలు చాలన్నాను. ఎలాగూ డబ్బా రేపో ఎల్లుండో వస్తుంది కదా అని. కత్తెర తీసి, కత్తిరించే ముందు ఆగాడు. "టీచర్ గారూ, సార్ ఆ మధ్య పన్ను పీకించుకుంటానన్నారు. పీకించారా? నొప్పికి మాత్రలేమన్నా వాడుతున్నారా? ఈ మందుతో అవి వేస్తే రక్తం ఆగదు, చూసుకోండి." ఫోను చేసిన డాక్టరు అడగని ప్రశ్న, కౌంటరు వెనక నిలబడ్డ కుర్రాడు అడిగాడు.

అయితే మన షాపులన్నీ ధర్మసత్రాలని నేను అనను. జ్వరం అంటే చాలు, చీటీ లేకపోయినా మూడు రకాల మాత్రలు పొట్లం కట్టి ఇచ్చే దుకాణాలు ప్రతి సెంటర్లోనూ ఉన్నాయి. గోడ మీద ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఫ్రేము కట్టి వేలాడుతుంది, ఆ మనిషిని మాత్రం ఎవరూ చూసి ఉండరు. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు కూడా చూడండి, గడువు తేదీ ఉన్న కొస వాళ్ల దగ్గరే ఉండిపోతుంది, మనకు బోడి ముక్క వస్తుంది. ఆ రోజు నేను అడిగి మరీ తేదీ ఉన్న కొస తీసుకున్నాను. 'మీరు మారరు టీచర్ గారూ' అన్నట్టు చూశాడు.

బస్సు ఆలస్యమైంది. చిన్న మాత్రలు పొద్దున ఎనిమిదింటికి వాళ్ల పిల్లవాడు సైకిల్ మీద తెచ్చిచ్చాడు. గురువారం మధ్యాహ్నం యాప్ వాళ్ల డబ్బా కూడా వచ్చింది. అందులో 2 మిల్లీగ్రాములవి మాత్రమే 30 ఉన్నాయి. చిన్నవి లేవు. బిల్లు మీద కారణం కూడా రాశారు. ఒకే మందు రెండుసార్లు నమోదైంది కాబట్టి రెండోది తొలగించారట! సోమ, బుధ, శుక్ర అని డాక్టరు రాసిన గీతలు ఎవరూ చదవలేదు. మందు పేరు చూశారు, అంకె చూడలేదు. తిరిగి పంపాల్సిన పని లేదు కాబట్టి పెద్దవి ఉంచుకున్నాను.

మా చెల్లెలి గోడు ఇంకొక రకం. వాళ్లది పర్చూరు వైపు పల్లె. మరిదికి ఇన్సులిన్. వాళ్ల ఊరి పిన్‌కోడ్‌కు ఇంటిదాకా రారట, కొరియర్ ఆఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన ఎండ మీకు తెలియనిది కాదు. రేకుల షెడ్డులో ఒక పూటంతా ఉన్న పెట్టె తెరిస్తే ఐసు సంచి గోరువెచ్చటి నీళ్ల సంచి అయింది. లోపలి మందు చూడటానికి మామూలుగానే ఉంది. అదే వచ్చిన చిక్కు. పాలు విరిగితే తెలుస్తుంది, పప్పు పులిస్తే వాసనొస్తుంది, ఎండకు పాడైన ఇన్సులిన్ మాత్రం నీళ్లలా తేటగానే కనిపించవచ్చు. సూది వేసుకున్నాక, చక్కెర దిగకపోతే తెలుస్తుంది. ఫ్రిజ్ సరుకు వెనక్కి తీసుకోబోమని ఆ కంపెనీ నిబంధన. మరిది ఆ పెన్నులు పారేసి, ఐసు గడ్డల ఫ్లాస్కు పట్టుకుని చీరాల వెళ్లి కొనుక్కొచ్చాడు. పొలం పనులప్పుడు అంత డబ్బు ఒకేసారి పెట్టడం కష్టమే. షాపులో అయితే పత్తి డబ్బులొచ్చాక కడతానంటే ఖాతాలో రాసుకుంటారు. యాప్‌కు పత్తి ఎప్పుడు అమ్ముడుపోతుందో తెలియదు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి నవ్వుతుంది. వాళ్లకు తొంభై రోజుల మందులు పోస్టులో రావడం మామూలే. ఆ అమ్మాయి దగ్గరికి మేము వెళ్లినప్పుడు మాత్రం ఆరు నెలల మాత్రలూ సూట్‌కేసులోనే, పచ్చడి సీసాల పక్కన. ఇక్కడి నుంచి కొరియర్లో పంపిస్తే అక్కడి కస్టమ్స్‌లో ఆగిపోతాయన్న భయం. వెళ్లే ముందు రోజు రాత్రి పచ్చడి తూచడం ఆయన వంతు, మాత్రలు లెక్కపెట్టడం నా వంతు.

ఇప్పుడు బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ మాత్రలు ఫోన్లోనే తెప్పిస్తున్నాను. రెండు వారాలు మిగిలుండగానే పెడతాను. తగ్గింపు వదులుకోవడం నా వల్ల కాదు. పలచన మాత్ర మాత్రం కర్నూలు రోడ్డు నుంచే.

ఆ ఏప్రిల్ నెలాఖరున రక్తపరీక్ష చేయించాం. రెండున్నరకు, మూడున్నరకు మధ్య ఉండాల్సిన అంకె రెండు దాటలేదు. డాక్టరు గారు కళ్లజోడు పైనుంచి మా ఆయన వైపు చూసి, "గోంగూర బాగా దొరుకుతోందా ఈ మధ్య?" అన్నారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందును సరిగా పనిచేయనివ్వదు. మా ఆయన కోర్టులో సాక్షిలాగా తల వంచుకున్నారు. నాలుగు రోజులు వరసగా తిన్నారు మరి, నాకు తెలుసు. మోతాదు మార్చారు. మంగళవారం కూడా 3.

అంటే వారానికి 18. నెలకు పెద్దవి 30, చిన్నవి 17 లేదా 18. చీటీ వెనక ఈ లెక్క రాసి షాపుకు పట్టుకెళ్లాను. ఆ అబ్బాయి చీటీ చూశాడు, వెనక్కి తిప్పి లెక్క చూశాడు, మళ్లీ ముందుకు తిప్పి పాత మోతాదు గుర్తుచేసుకున్నాడు.

"ఏంది టీచర్ గారూ," అన్నాడు, "సార్ గోంగూర తిన్నారా?"